వేప అనుకున్న చెట్టు

గత మార్చి నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి ఆళ్లగడ్డ నుండి మా ఆపా ఫోను చేసింది. కుశల ప్రశ్నలు కాగానే ఆమె అడిగిన మాట ఇది: "తమ్ముడూ, మా వాకిట్లోని వేపచెట్టుకు ఊదా రంగు పూలు పూస్తున్నాయి. నిరుడు ఒకటి రెండు గుత్తులే కనుక పట్టించుకోలేదు. ఈ ఏడు చెట్టంతా అదే రంగు. వేపకు ఎక్కడైనా ఊదా పూలుంటాయా?"

ఐదేళ్ల క్రితం తోపుడు బండి మీద మొక్కలు అమ్ముకునే ఒకతను 'వేప' అని చెప్పగా కొని నాటిన మొక్క అది. మూడేళ్లకే మిద్దెను దాటి పెరిగింది. నిండుగా నీడనిచ్చింది. అయితే మొన్నటి డిసెంబరులో ఆకంతా రాలిపోయి, బోడి కొమ్మలకు పసుపుపచ్చని కాయల గుత్తులు మాత్రమే వేలాడుతుంటే, చెట్టుకేదో తెగులు సోకిందని ఆమె దిగులు పడిందట.

ఇంతకూ ఆమె ఫోను చేసింది పూల అందం గురించి చెప్పడానికి కాదు. "మనవడి కడుపులో నులిపురుగులున్నట్లున్నాయి. రేపు పరగడుపున లేత వేపాకు నూరి రసం తాపుదామనుకున్నాను. అమ్మీ మనకు తాపేది కదా! కానీ ఈ పూలు చూశాక చేయి ఆడడం లేదు" అన్నది.

"ఆ ఆకు తాపవద్దు ఆపా. ఎల్లుండి నేనే వస్తాను" అన్నాను.

ముప్పై ఏళ్ల పాటు విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించిన నాకు ఆ చెట్టేమిటో ఆమె మాటలలోనే చాలావరకు తెలిసిపోయింది. కానీ చెట్టును ఫోనులో గుర్తించి తీర్పు చెప్పడం సరియైన పద్ధతి కాదు. అందుకే ఆదివారం ఉదయం నంద్యాలలో మా ఇంటి ముందున్న వేపచెట్టు నుండి పూతతో కూడిన ఒక రెమ్మను కోసి, తడి గుడ్డలో చుట్టి, ఆళ్లగడ్డ బస్సెక్కాను. కర్నూలు నుండి కడపకు పోయే ఈ దారిలో నంద్యాల నుండి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఎడమ చేతి వైపు నల్లమల కొండలు కనిపిస్తూనే ఉంటాయి. చలికాలం చివర్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరే వేళకు తిరిగి చిగురించే చెట్లకు ఆ అడవి పుట్టిల్లు. మోదుగ, కొండగోగు, రేల, సోమిద వంటివన్నీ ఆకురాల్చే చెట్లే. కనుక ఆకు రాలడం దానంతట అదే తెగులు కాదని ఈ ప్రాంతపు పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఏ చెట్టు ఎప్పుడు రాలుస్తుంది, ఎంతకాలం బోడిగా నిలుస్తుంది అన్నదే గమనించవలసిన సంగతి.

ఆకు ఎక్కడ మొదలవుతుంది?

ఆపా ఇంటి వరండాలో చాప పరచి రెండు రెమ్మలనూ పక్కపక్కన ఉంచాము. చూడగానే రెండూ వేపవలెనే ఉన్నాయి. అంచులు రంపపు పళ్ల మాదిరి, రంగు ఇంచుమించు ఒకటే. "తేడా ఏముంది?" అని ఆపా అడగడంలో తప్పులేదు. మనం ఆకును చూసే తీరులోనే పొరపాటున్నది.

వేపచెట్టు నుండి మనం ఒక్కొక్కటిగా తుంచేది నిజానికి పూర్తి ఆకు కాదు. అది ఆకులో ఒక భాగం. శాస్త్రంలో దానిని పత్రకం అంటారు. అసలు ఆకు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే మొగ్గను వెతకాలి. ఆకు కాడ కొమ్మను అంటుకున్న చోట, పైమూలలో, ఒక చిన్న మొగ్గ ఉంటుంది. పత్రకం మొదట అది ఉండదు. మొగ్గ ఉన్నచోటు నుండి కొస వరకు ఉన్నదంతా కలిపి ఒక్క ఆకు. ఇటువంటి ఆకును సంయుక్త పత్రం అంటారు.

ఈ లెక్కన వేపాకు జానెడు మొదలు దాదాపు మూరెడు వరకు పొడవుంటుంది. నడిమి కాడ ఒక్కటే. దానికి ఇరువైపులా పత్రకాలు నేరుగా అంటుకొని ఉంటాయి. ఒక్కొక్క పత్రకం కొడవలివలె కొద్దిగా వంగి, మొదట్లో ఒక పక్క వెడల్పుగా, మరో పక్క ఇరుకుగా ఉంటుంది. నడిమి కాడ కొసన ఉండవలసిన చివరి పత్రకం చాలా ఆకులలో ఉండనే ఉండదు.

ఆపా వాకిటి చెట్టు ఆకు అలా లేదు. దాని నడిమి కాడకు ఇరువైపులా పత్రకాలకు బదులు పిల్ల కాడలున్నాయి. ఆ పిల్ల కాడలకు పత్రకాలున్నాయి. ఆకు మొదటి భాగంలో కొన్ని పిల్ల కాడలు మరోసారి కూడా చీలాయి. పత్రకాలు కోడిగుడ్డు ఆకారంలో మొదలై సన్నని మొనతో ముగుస్తున్నాయి. ప్రతి పిల్ల కాడ కొసన ఒక పత్రకం తప్పక ఉన్నది.

ఈ తేడా పట్టుకోవడానికి మన వంటింటి ఆకులే చాలు. కరివేపాకును, చింతాకును చూడండి. ఒకే కాడ, ఇరుపక్కలా పత్రకాలు. వేప ఆ కోవకు చెందినది. ఇప్పుడు మునగాకును చూడండి. కాడలో నుండి కాడ, అందులో నుండి మరో కాడ. ఆపా చెట్టు ఆ తీరుకు చెందినది. "వేపాకు చింతాకులాగా, ఇది మునగాకులాగా" అని ఆపా తనకు తానే చెప్పుకొన్నది. అంతకన్నా సులువైన గుర్తు నేను కూడా ఏనాడూ తరగతిలో చెప్పలేదు.

పువ్వు, కాయ, గింజ

ఆకు ఒక్కటే చాలదు. ఏ చెట్టునైనా కనీసం రెండు మూడు సాక్ష్యాలతో గుర్తించాలి. న్యాయస్థానంలో వలెనే ఇక్కడ కూడా ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పడం మంచిది కాదు.

వేప పువ్వు తెల్లగా, చాలా చిన్నదిగా, తేనె వాసనతో ఉంటుంది. రెండవ చెట్టు పువ్వు కాస్త పెద్దది. ఐదు సన్నని రేకులు లేత ఊదా రంగులో వెనుకకు వంగి ఉంటాయి. నడుమ ముదురు ఊదా రంగులో ఒక గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. కేసరాలన్నీ విడివిడిగా ఉండక ఒకటిగా కలిసిపోయి ఏర్పడిన గొట్టమది. దాని నోటి లోపల పది పుప్పొడి తిత్తులుంటాయి. భూతద్దం పెట్టి చూస్తే వేప పువ్వులోనూ ఇటువంటి గొట్టమే, కాకుంటే తెల్లగా, కనిపిస్తుంది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవని చెప్పే గుర్తు ఇది. మహాగని, నల్లమలలోని సోమిద కూడా ఆ కుటుంబానివే. కనుక ఆపా పొరపడడానికి కారణం లేకపోలేదు. ఈ రెండూ దాయాదులు. కానీ దాయాదులైనంత మాత్రాన గుణం ఒకటి కానక్కరలేదు.

కాయ మరింత స్పష్టమైన సాక్షి. వేపపండు కోలగా ఉంటుంది. జూన్, జూలై నెలల్లో పండి రాలిపోతుంది. లోపల గుజ్జు, దాని లోపల సాధారణంగా ఒకే గింజ. రెండవ చెట్టు కాయ గోలీకాయవలె గుండ్రంగా ఉంటుంది. చలికాలానికి పసుపుపచ్చగా మారి, ఆకులన్నీ రాలిన తరువాత కూడా నెలల తరబడి కొమ్మలకే వేలాడి, ముడతలు పడి వెలిసిపోతుంది. మార్చిలో కొత్త పూత వచ్చే వేళకు కూడా పాత కాయలు కొన్ని చెట్టు మీదనే కనిపిస్తాయి. ఆపా డిసెంబరులో చూసి దిగులుపడింది దీనినే. అది తెగులు కాదు, ఆ చెట్టు స్వభావం. వేప మాత్రం మన ప్రాంతంలో అంతకాలం బోడిగా ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుస్తూనే రాగి రంగు చిగురు తొడుగుతుంది.

వాకిట్లో రాలిన ఒక ఎండుకాయను ఏరి, గుజ్జు తీసి, టెంకను కడిగి ఆపా చేతిలో పెట్టాను. ఐదు గాళ్లు తీరిన గట్టి టెంక. నడుమ సహజంగానే సన్నని తొర్ర. ఒక సూది గుచ్చితే దారం ఎక్కుతుంది. ఆమె దానిని తిప్పి తిప్పి చూసి, లోపలి గదిలోకి వెళ్లి, మా దాదీ కాలం నాటి ఒక పాత తస్బీహ్ తెచ్చింది. అరిగి నునుపెక్కిన ఆ పూసల మీద అవే ఐదు గాళ్లు! ప్లాస్టిక్ పూసలు రాకముందు ఈ గింజలతో జపమాలలు గుచ్చుకోవడం అనేక దేశాలలో వాడుక. క్రైస్తవ సన్యాసులు కూడా వీటినే వాడేవారు. ఇంగ్లీషులో ఈ చెట్టుకు 'పూసల చెట్టు' అన్న అర్థమిచ్చే పేరు అందుకే వచ్చింది.

దీని పేరు ఉర్దూలో బకాయన్. తెలుగులో తురక వేప. కొన్నిచోట్ల కొండవేప అని కూడా అంటారు. శాస్త్రనామం మీలియా అజెడరాక్.

పేరు ఇచ్చే తప్పుడు సాక్ష్యం

'తురక వేప' అనగానే ఆపా ముఖం కొద్దిగా ముడుచుకున్నది. "మంచిది వాళ్ల వేప, విషం మన వేపా?" అని నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వులో ఒక నొప్పి ఉన్నదని నాకు తెలుసు. అందుకే ఆ పేరు కథ చెప్పాను.

పరాయి దేశం నుండి వచ్చిన చెట్టు అన్న భావన ఆ పేరులో ఉన్నది. ఇంగ్లీషువారు కూడా దీనిని 'పర్షియన్ లైలాక్' అన్నారు. విచిత్రమేమంటే, వృక్షశాస్త్రజ్ఞులు దీని స్వస్థలంగా చెప్పే ప్రాంతంలో మన భారత ఉపఖండమే ఉన్నది. ఇక్కడి నుండి చైనా, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా ఉత్తర భాగం వరకు ఇది సహజంగా పెరుగుతుంది. పేరు పరాయిదైనా చెట్టు ఇంటిదే. పేరును బట్టి పుట్టుకను నిర్ణయించరాదని ఈ చెట్టే చెబుతున్నది.

అజెడరాక్ అన్న మాటకు మూలం పారశీక భాషలోని 'ఆజాద్ దరఖ్త్'. స్వేచ్ఛావృక్షం, శ్రేష్ఠమైన వృక్షం అని దాని భావం. ప్రసిద్ధ వైద్యుడు ఇబ్నె సీనా (980–1037) తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో ఈ పేరు గల చెట్టును ప్రస్తావించి, దాని కాయ ప్రాణాంతకమని హెచ్చరించాడు. వెయ్యేళ్ల నాటి ఆ హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది.

అయితే ఆ పారశీక పేరు ఈ ఒక్క చెట్టుతో ఆగలేదు. 1753లో లిన్నేయస్ తన గ్రంథంలో ఈ రెండు చెట్లనూ మీలియా అన్న ఒకే ప్రజాతిలో చేర్చి, తురక వేపకు 'అజెడరాక్' అని, మన వేపకు 'అజాడిరాక్టా' అని పేర్లు పెట్టాడు. రెండూ ఆజాద్ దరఖ్త్ నుండి వచ్చినవే. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ ద జుస్యూ వేపను వేరు చేసి దానికి అజాడిరాక్టా అన్న ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. అదే సంవత్సరం మన నల్లమల సోమిదకు ఆయన పెట్టిన ప్రజాతి పేరు సోయ్‌మిడా. అది అచ్చమైన తెలుగు పేరు. రాక్స్‌బర్గ్ తెలుగువారి నోట విని రాసుకున్నది. ఒకే శాస్త్రజ్ఞుడు ఒకే ఏడు ఒక చెట్టుకు పారశీకపు పేరు, మరొక చెట్టుకు తెలుగు పేరు స్థిరపరిచాడన్నమాట.

కనుక పేర్లు కలగలిసిపోవడం ఆళ్లగడ్డ తోపుడు బండితో మొదలైనది కాదు. పండితుల గ్రంథాలలోనే మొదలైనది. పేరులో 'వేప' ఉన్నంత మాత్రాన గుణం కలవదనడానికి కరివేప మరొక ఉదాహరణ. అది ఈ కుటుంబానిదే కాదు, నిమ్మ కుటుంబానిది. పంట భూములలో ప్లైవుడ్ కోసం పెంచే మలబారు వేప మాత్రం తురక వేపకు సొంత తోబుట్టువు. దాని ఆకు కూడా కాడలో కాడగా చీలుతుంది. దానిని కూడా ఇంటి వైద్యంలో వేపగా వాడరాదు.

విషం ఎక్కడ ఉన్నది?

తురక వేప కాయలలో మీలియాటాక్సిన్లు అనే విష పదార్థాలున్నాయి. ఇవి మొదట కడుపును, ఆపైన నాడులను దెబ్బతీస్తాయి. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, చెమటలు, మగత కలుగుతాయి. తీవ్రమైతే ఫిట్స్ రావచ్చు, శ్వాస అందకపోవచ్చు. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. లక్షణాలను బట్టి వైద్యులు చికిత్స చేస్తారు. విష మోతాదు చెట్టు చెట్టుకూ మారుతుంది. కనుక 'రెండు కాయలేగా తిన్నాడు' అన్న లెక్కతో ధైర్యం చెప్పుకోరాదు. పసుపుపచ్చగా గుత్తులుగా వేలాడే కాయలు పసిపిల్లల కంటికి రేగుపండ్లలా కనిపిస్తాయి. అసలు ప్రమాదమంతా అక్కడే ఉన్నది.

పక్షులు ఈ పండ్లను తిని గింజలను దూరదూరాలకు మోస్తాయి. పక్షి తిన్నది కదా అని మనిషి తినవచ్చుననుకోవడం పొరపాటు. మేకల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఈ చెట్టు ఆకును మేకలకు మేపే ప్రాంతాలు లేకపోలేదు. కానీ కాయలతో నిండిన కొమ్మలను కొట్టి వేయడం, రాలిన కాయలు పోగుపడిన చోట జీవాలను కట్టివేయడం తగదు. బక్రీదుకు ముందు ఇంటి ముంగిట పొట్టేలునో మేకనో కట్టుకునే కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవాలి.

పొరపాటున ఎవరైనా ఈ కాయలు తింటే, ఇంట్లో బలవంతంగా వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. 108కు ఫోను చేయాలి. వెళ్లేటప్పుడు చెట్టు రెమ్మను, కాయలను ఒక సంచిలో వెంట తీసుకొనిపోవాలి. వైద్యునికి అది పెద్ద సహాయం.

యునానీ వైద్యంలో బకాయన్ ఔషధమే కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. కానీ అది మోతాదు తెలిసిన హకీము చేతిలో ఔషధం. వంటింటి రోట్లో గుప్పెడు నూరి పోయదగినది కాదు.

ఈ సందర్భంలో వేప గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. అది అసలైన వేపే అయినా పసిబిడ్డలకు లోపలికి ఇవ్వడంలో అపాయం ఉన్నది. వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఫిట్స్ కలిగిన ఉదంతాలను 1981లో మలేషియా వైద్యులు వెల్లడించారు. చేదు ఉన్నదంతా మందు కాదు. నులిపురుగులకు ప్రభుత్వమే మాత్ర ఇస్తున్నది. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం సందర్భంగా ఒకటి నుండి పందొమ్మిదేళ్ల వయసు వారికి అంగన్‌వాడీలలో, పాఠశాలల్లో ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా వేస్తారు. ఇందుకు ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలను నిర్ణయించారు. ఆపా మనవడిని మరునాడు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోయాము. వాని వయసుకు తగిన మాత్ర అక్కడ ఇచ్చారు.

ఇంటిల్లిపాదీ చేయగల పరీక్ష

మన ఇళ్లలో వేపకు ఎంతో పని ఉన్నది. పళ్లు తోముకోవడానికి వేపపుల్ల, ధాన్యంలో పురుగు పట్టకుండా ఎండుటాకు, దద్దుర్లు వచ్చిన బిడ్డకు వేపాకు వేసి కాచిన నీళ్ల స్నానం. కనుక రెమ్మ తుంచే ముందు ఈ ప్రశ్నలు వేసుకోవడం ఇంటిలో అందరికీ అలవాటు కావాలి.

మొదటిది, మొగ్గ ఉన్నచోటు నుండి చూస్తే ఆకు కాడ ఒక్కటేనా, చీలిందా? ఒక్కటైతే వేప కావచ్చు. చీలితే కాదు. రెండవది, పూత కాలమైతే పువ్వు తెలుపా, ఊదానా? మూడవది, కాయ కోలగా ఉన్నదా, గోలీవలె గుండ్రంగా ఉన్నదా? నాలుగవది, కాయను పగలగొడితే టెంక నునుపుగా ఉన్నదా, గాళ్లు తీరి ఉన్నదా? ఐదవది, చలికాలంలో చెట్టు బోడిగా కాయలతో నిలబడిందా?

ఈ ఐదింటిలో ఆకు పరీక్ష దాదాపు ఏడాది పొడవునా పనికివస్తుంది. ఆకు లేని రోజులలో కొమ్మను చూడాలి. ఆకు రాలిన చోట తురక వేప కొమ్మ మీద మూడు పాయలుగా ఉన్న పెద్ద మచ్చ మిగులుతుంది. లేత కొమ్మల మీద లేత రంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్క హెచ్చరిక: నాలుక మీద పెట్టి చేదు చూసి నిర్ణయించకండి. రెండూ చేదే. రుచి ఇక్కడ సాక్ష్యం కాదు.

అప్పటికీ సందేహం మిగిలితే, పువ్వు, కాయ, పూర్తి ఆకు ఉన్న రెమ్మను వార్తాపత్రిక మడతలో పెట్టి, దగ్గరి డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకునికో, నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోని వారికో చూపించవచ్చు. నంద్యాల, ఆళ్లగడ్డలు కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలో, 1995లో, వెంకటరాజు, పుల్లయ్య అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ జిల్లా వృక్షసంపద మీద ఒక సమగ్ర గ్రంథం వెలువరించారు. మన నేల మీది చెట్లకు శాస్త్రీయమైన చిరునామా ఉన్నదన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

చెట్టును కొట్టివేయాలా?

సాయంకాలం అసర్ నమాజు తరువాత టీ తాగుతూ బావగారు అడిగిన ప్రశ్న ఇది. "విషమని తెలిశాక వాకిట్లో ఎందుకు? రేపే గొడ్డలి పెట్టిస్తాను" అన్నారు.

నేను వద్దన్నాను. తురక వేప అందమైన చెట్టు. ఊదా పూల కోసం, త్వరగా వచ్చే నీడ కోసం ప్రపంచంలో అనేక దేశాలు దీనిని వీధుల వెంట, తోటలలో నాటుకున్నాయి. దాని కలప సామానుకు పనికివస్తుంది. లోపాలూ ఉన్నాయి. కొమ్మలు పెళుసు. పెద్ద గాలికి విరుగుతాయి. ఆయుష్షు వేపంత ఉండదు. అందుకని బడి ఆవరణలో, పసిపిల్లలు ఆడుకునే చోట, పశువుల పాక పక్కన దీనిని కొత్తగా నాటకూడదు. ఉన్న చెట్టును మాత్రం కాచుకోవచ్చు. కాయలు పచ్చిగా ఉండగానే అందినంత వరకు గుత్తులు కోయించి పూడ్చివేయాలి. రాలినవాటిని రోజూ ఊడ్చాలి. అన్నిటికన్నా ముందు ఇంట్లోని పిల్లలకు దాని అసలు పేరు, గుణం చెప్పాలి.

ఈద్గాహ్‌లో, ఖబరస్తాన్‌లో, మసీదు ఆవరణలో మొక్కలు నాటే యువకులకు నాది మరొక మనవి. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నదంతా నాటినవానికి సదఖాగా పరిగణింపబడుతుందన్న దైవప్రవక్త (స) బోధ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. నాటిన చెట్టు ఫలాన్ని ఎవరో ఒకరు తింటారని ఆ బోధలోనే ఉన్నది కదా! కనుక ఏమి నాటుతున్నామో తెలుసుకొని నాటడం కూడా ఆ పుణ్యకార్యంలో భాగమే. గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో హాజీల నీడ కోసం అరఫాత్ మైదానంలో సుమారు 50 వేల వేపచెట్లు నాటారు. మన నేల చెట్టు అక్కడి ఎండలో యాత్రికులకు నీడనిస్తున్నది. ఎంచి నాటిన చెట్టు చేసే మేలుకు అంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

బావగారు గొడ్డలి మాట మానుకున్నారు. ఆపా మాత్రం అంతటితో ఆగలేదు. నేను తెచ్చిన వేపరెమ్మను, వాకిటి రెమ్మను రెండింటినీ ఒక పాత లెక్కల పుస్తకంలో అతికించి, కింద ఉర్దూలో ఒకదానికి 'నీమ్' అని, మరొకదానికి 'బకాయన్' అని రాసుకున్నది. వీధిలోని ఆడవాళ్లకు చూపిస్తానన్నది. ఆ వీధిలో మరో మూడిళ్ల ముందు అదే బండివాడు అమ్మిన మొక్కలున్నాయట.

నేను బస్సెక్కడానికి బయలుదేరుతుండగా మనవడు వాకిట్లో నిలబడి చెట్టు వైపు వేలు చూపి, "ఇది నీమ్ కాదు, బకాయన్. దీని పండు తినకూడదు" అని నాకే పాఠం చెప్పాడు. చేతిలో ఒక ఎండు ఆకు పట్టుకొని, కాడలో కాడను వేలితో లెక్కపెడుతున్నాడు.